పది పవర్ మైనస్ రెండు అంటే ఎంత?

ఈ పూట ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలోని ఒక పాఠం గురించి మాట్లాడతాను. ఘాతాంకాల పాఠం. దొనకొండ చుట్టుపక్కల బళ్ళలో లెక్కలు చెప్పే మనిషిని. పిల్లలు ఈ పాఠంలో ఎక్కడ ఆగిపోతారో, అక్కడి నుంచి వాళ్ళను ఎలా ముందుకు నడిపించవచ్చో తోటి ఉపాధ్యాయులకూ, తల్లిదండ్రులకూ చెప్పాలని ఉంది. పక్కన పలకో కాగితమో పెట్టుకోండి. రేడియోకు నల్లబల్ల లేదు కాబట్టి నేను చెప్పేది మీరే రాసుకోవాలి. నేను ‘పది పవర్ మూడు’ అంటే, పది వేసి దాని నెత్తిన కుడివైపు చిన్నగా మూడు వేయండి. కింద ఉన్న పదిని భూమి అంటాం. పైనున్న మూడు ఘాతాంకం. పదిని మూడుసార్లు వేసి గుణించమని దాని అర్థం. విలువ వెయ్యి.

ఏడో తరగతి దాకా ఈ పాఠంతో పెద్ద చిక్కు రాదు. వందను వెయ్యితో గుణిస్తే లక్ష. పది పవర్ రెండు ఇంటూ పది పవర్ మూడు, పది పవర్ ఐదు. సున్నాలు లెక్కపెట్టుకుంటే చాలు, పిల్లలకే తెలిసిపోతుంది. ‘భూములు సమానమైతే ఘాతాంకాలు కూడాలి’ అన్న మాట తరగతి అంతా ఒక్క గొంతుతో చెబుతుంది.

ఎనిమిదిలో ఘాతాంకం ముందు మైనస్ వస్తుంది. పది పవర్ మూడు ఇంటూ పది పవర్ మైనస్ ఐదు ఎంత అని బల్ల మీద వేసి చూడండి. ఒకే తరగతిలో నాలుగు రకాల జవాబులు వస్తాయి. ఒకరు పది పవర్ మైనస్ పదిహేను అంటారు. మధ్యలో ఇంటూ ఉంది కాబట్టి మూడైదులు పదిహేను చేశారు. ఇంకొకరు వంద పవర్ మైనస్ రెండు అంటారు. ఘాతాంకాలను సరిగానే కూడారు, భూములను కూడా గుణించేశారు. మరొకరు మైనస్‌ను పట్టించుకోకుండా పది పవర్ ఎనిమిది అంటారు. నాలుగో జవాబు సరైనది, పది పవర్ మైనస్ రెండు. ఆ జవాబు చెప్పిన పిల్లను దగ్గరికి పిలిచి, ‘అంటే ఎంతమ్మా?’ అని అడిగితే, ‘మైనస్ వంద సార్’ అంటుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ నాలుగో జవాబే. మొదటి ముగ్గురి తప్పు కాగితం మీద కనిపిస్తుంది, దిద్దుతాం. ఈ పిల్ల తప్పు కనిపించదు. పరీక్షలో పూర్తి మార్కులు పడతాయి. సూత్రం వచ్చింది, జవాబు వచ్చింది, కానీ తాను రాసిన సంఖ్య ఎంతదో ఆమెకు తెలియదు. పది పవర్ మైనస్ రెండు అంటే నూరో వంతు. అది సున్నాకన్నా పెద్దది, ఒకటికన్నా బాగా చిన్నది. సున్నాకు కిందనున్న మైనస్ వందకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఆమె అలా అనుకోవడానికి కారణం ఉంది. ఆరో తరగతి నుంచీ మైనస్ అంటే అప్పు అనీ, సున్నాకు ఎడమవైపు అనీ మనమే నేర్పాం. సంఖ్య పక్కన ఉన్నప్పుడు మైనస్ చేసే పని అదే. నెత్తిన ఉన్నప్పుడు చేసే పని వేరు. భూమి ఒకటికన్నా పెద్దదైతే అక్కడ అది సంఖ్యను చిన్నది చేస్తుంది, అప్పు చేయదు. ఈ తేడా చెప్పకుండా నేరుగా సూత్రానికి వెళ్ళిపోతే పిల్లలు పాత అర్థాన్నే పట్టుకొని వస్తారు. అందుకే నేను ఒక పట్టు పడతాను. ఏ లెక్కకైనా పెన్సిలు ఎత్తకముందు పిల్లలు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. వచ్చే విలువ ఒకటికన్నా పెద్దదా, చిన్నదా?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలగాలంటే ముందు ఒక పట్టిక వేయించాలి. రెండుతో మొదలుపెట్టండి. పలక మీద పైనుంచి కిందికి రాయించండి. రెండు పవర్ మూడు, ఎనిమిది. రెండు పవర్ రెండు, నాలుగు. రెండు పవర్ ఒకటి, రెండు. ఇక్కడ ఆగి, ఏం జరుగుతోందో చూడమనండి. ఘాతాంకం ఒకటి తగ్గినప్పుడల్లా విలువ సగమవుతోంది. తర్వాతి వరుసలు పిల్లలే రాస్తారు. రెండు పవర్ సున్నా దగ్గర కాస్త జంకుతారు. ‘రెండును ఒక్కసారి కూడా వేయకపోతే సున్నానే కదా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. తొందరపడి జవాబు చెప్పకుండా పట్టిక వైపు చూపించండి. రెండులో సగం ఒకటి. కాబట్టి రెండు పవర్ సున్నా ఒకటి. ఆ కింద రెండు పవర్ మైనస్ ఒకటి, అర. మైనస్ రెండు, పావు. మైనస్ మూడు, అరపావు. ఇలా ఎంత కిందికి వెళ్ళినా సగంలో సగం మిగులుతూనే ఉంటుంది. సున్నా ఎప్పటికీ రాదు, ఇక సున్నాకు దిగువకు పోయే ప్రశ్నే లేదు. ఈ మాట పిల్లల నోటి నుంచి వచ్చేదాకా ఆగండి. వస్తుంది.

ఇలాంటి పట్టికను 1544లో జర్మనీకి చెందిన మైకేల్ స్టీఫెల్ తన అంకగణిత గ్రంథంలో అచ్చువేశాడు. పై వరుసలో మైనస్ మూడు నుంచి ఆరు వరకూ అంకెలు, కింది వరుసలో ఎనిమిదో వంతు నుంచి అరవై నాలుగు వరకూ విలువలు. పైన కూడితే కింద గుణించినట్టని ఆయన గుర్తించాడు. ఘాతాంకాన్ని నెత్తిన చిన్నగా వేసే పద్ధతిని 1637లో డెకార్ట్ వాడుకలోకి తెచ్చాడు. రుణ ఘాతాంకాలకు ఇంగ్లండులో జాన్ వాలిస్ 1656లో అర్థం చెప్పాడు. ఇప్పుడు మనం మైనస్‌తో రాసే తీరు న్యూటన్ 1676లో రాసిన ఉత్తరాల తర్వాతే స్థిరపడింది. పట్టిక అచ్చయిన నాటి నుంచి నూట ముప్పై ఏళ్ళకు పైగా పట్టిన సంగతిని మనం రెండు పీరియడ్లలో ముగించాలని చూస్తాం. పిల్లలు తడబడితే తొందరపడి కోప్పడకూడదు.

పైకి పోయే ఘాతాల సంగతి తెలుగువాళ్ళకు చాలా పాతది. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దిలో తెలుగు చేశాడు. చదరంగం పలక మీద మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు అంటూ రెట్టించుకుంటూ పోతే మొత్తం ఎన్ని గింజలవుతాయో చెప్పే పద్యం మల్లన పేరనే ప్రచారంలో ఉంది. ఆ మొత్తం ఇరవై అంకెల సంఖ్య. రెండు పవర్ అరవై నాలుగులో ఒకటి తక్కువ. ఆ మెట్లనే వెనక్కి దిగితే మన రుణ ఘాతాంకాలు.

పట్టిక వచ్చాక గుణకారం. ఇక్కడ మా పిల్లలకు నేను రైలు ఎక్కిస్తాను. దొనకొండ రైల్వే ఊరు. మీటరు గేజి రోజుల్లో ఇక్కడ లోకోషెడ్డు ఉండేది. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే దారిలో స్టేషన్ల పేర్లు ఇక్కడి పిల్లలకు నోటికి వచ్చు. దొనకొండను సున్నా అనుకోమంటాను. చిన్న స్టేషన్లు వదిలేద్దాం. మార్కాపురం వైపు గజ్జెలకొండ ఒకటి, మార్కాపురం రోడ్డు రెండు, తర్లుపాడు మూడు, కంభం నాలుగు. గుంటూరు వైపు కురిచేడు మైనస్ ఒకటి, వినుకొండ మైనస్ రెండు, నరసరావుపేట మైనస్ మూడు. దొనకొండలో బండెక్కేటప్పుడు చేతిలో ఒక రూపాయి ఉంది. మార్కాపురం వైపు ఒక స్టేషన్ పోతే డబ్బు పదిరెట్లవుతుంది. గుంటూరు వైపు ఒక స్టేషన్ పోతే పదో వంతవుతుంది.

ఇప్పుడు ఇందాకటి లెక్క. పది పవర్ మూడు అంటే మార్కాపురం వైపు మూడు స్టేషన్లు. తర్లుపాడు చేరాం, చేతిలో వెయ్యి రూపాయలు. ఇంటూ పది పవర్ మైనస్ ఐదు అంటే అక్కడి నుంచి గుంటూరు వైపు ఐదు స్టేషన్లు. మార్కాపురం రోడ్డు, గజ్జెలకొండ, దొనకొండ, కురిచేడు, వినుకొండ. దిగింది మైనస్ రెండు దగ్గర. చేతిలో మిగిలింది ఒక పైసా. మైనస్ వంద అన్న పిల్లను ఇప్పుడు అడగండి, ‘నువ్వు ఎవరికైనా అప్పు పడ్డావా?’ అని. పడలేదు. పైసా ఉంది చేతిలో. గుణకారంలో ఘాతాంకాలను ఎందుకు కూడుతున్నామో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. ఒక ప్రయాణం తర్వాత ఇంకో ప్రయాణం, అంతే.

ఇంకో పెద్ద పొరపాటును కూడా ఈ రైలే సరిచేస్తుంది. పది పవర్ మైనస్ ఒకటి ఇంటూ పది పవర్ మైనస్ రెండు అనగానే, ‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్’ అన్న సూత్రం పిల్లల నాలుక మీదికి వస్తుంది. పది పవర్ ప్లస్ మూడు అనో, ప్లస్ రెండు అనో రాసేస్తారు. గుంటూరు వైపు ఒక స్టేషన్ పోయి, మళ్ళీ అదే వైపు రెండు స్టేషన్లు పోయినవాడు నరసరావుపేటలో దిగాలి గాని తర్లుపాడులో ఎలా దిగుతాడు? పదో వంతును నూరో వంతుతో గుణిస్తే వెయ్యో వంతే వస్తుంది. పది పవర్ మైనస్ మూడు.

రైలు ఆట ఒక రోజుకు చాలు. ఆ తర్వాత పిల్లలను నిజమైన కొలతల్లోకి తీసుకురావాలి. ఈ ప్రాంతంలో వాటికి కొదవ లేదు.

మార్కాపురం పలకలు తీసుకోండి. తెలుగునాట ఎన్నో తరాలు అక్షరాలు దిద్దుకున్నది మార్కాపురం పలకల మీదే. ఒక పలక మందం నాలుగు మిల్లీమీటర్లు అనుకుందాం. మిల్లీమీటరు అంటే పది పవర్ మైనస్ మూడు మీటర్లు. అలాంటి పలకలు 250 ఒకదాని మీద ఒకటి పేరిస్తే దొంతర ఎత్తు ఎంత? 250ని 2.5 ఇంటూ పది పవర్ రెండు అని రాయండి. దాన్ని నాలుగు ఇంటూ పది పవర్ మైనస్ మూడుతో గుణించాలి. ముందు రెండున్నర నాలుగులు పది. అది పది పవర్ ఒకటి. ఘాతాంకాలు ఒకటి, రెండు, మైనస్ మూడు. మొత్తం సున్నా. పది పవర్ సున్నా. ఇక్కడ సున్నా మీటర్లు అని రాసే పిల్లలు ఉంటారు. దొంతర ఏమైపోయిందో చూపించమనండి. అది కళ్ళెదుటే ఉంది. ఎత్తు సరిగ్గా ఒక మీటరు.

స్టేషన్‌లో రైలు పట్టా ఉంది. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే, ప్రతి మీటరుకూ సుమారు 1.2 ఇంటూ పది పవర్ మైనస్ ఐదు మీటర్లు సాగుతుంది. 13 మీటర్ల పట్టా ముక్క, పొద్దుటికీ మిట్టమధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా. 1.3 ఇంటూ పది పవర్ ఒకటి, 1.2 ఇంటూ పది పవర్ మైనస్ ఐదు, మూడు ఇంటూ పది పవర్ ఒకటి. మూడు పదాల గుణకారం. సంఖ్యలు గుణిస్తే 4.68. ఘాతాంకాలు కూడితే మైనస్ మూడు. అంటే 4.68 మిల్లీమీటర్లు. పాతకాలపు పట్టాల మధ్య సందు వదిలింది ఇందుకే. ఇప్పుడు పట్టాలను పొడుగ్గా అతికి, స్లీపర్లకు గట్టిగా బిగించి, సాగకుండా పట్టి ఉంచుతున్నారు. అది ఇంజనీరింగు పాఠం, పిల్లలు అడిగితే ఆ ఒక్క ముక్క చెప్పి వదిలేయండి.

వీటన్నిటికంటే ఎక్కువ సేపు పిల్లలతో కూర్చోవలసిన లెక్క మరొకటి ఉంది. తాగే నీళ్ళ లెక్క.

పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్ సంగతి పిల్లలకు కొత్త కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదటిసారి గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోనివే. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంటే మనం మాట్లాడుతున్నది మన ఇళ్ళ ముంగిట మొదలైన చరిత్ర. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్ళు దొరకని చోట ఒకటిన్నర మిల్లీగ్రాముల దాకా ఓర్చుకోవచ్చనీ భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా ఒకటిన్నరే.

ఒకటిన్నర మిల్లీగ్రాములు అంటే 1.5 ఇంటూ పది పవర్ మైనస్ మూడు గ్రాములు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు నీళ్ళలో ఎంత ఫ్లోరైడ్ ఉంటుంది? ఐదు ఇంటూ పది పవర్ మూడు లీటర్లు. గుణించండి. సంఖ్యలు 7.5. ఘాతాంకాలు మూడు, మైనస్ మూడు, మొత్తం సున్నా. 7.5 ఇంటూ పది పవర్ సున్నా, అంటే ఏడున్నర గ్రాములు. లీటరుకు నాలుగు మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళయితే అదే ట్యాంకరులో 20 గ్రాములు.

ఇక్కడ పిల్లలు ఒక మాట అంటారు. ‘ఐదు వేల లీటర్లకు ఇరవై గ్రాములే కదా, అంత చిన్నదానికి భయమెందుకు?’ ఈ ప్రశ్న వచ్చిందంటే పాఠం సరైన దారిలో నడుస్తున్నట్టు. పది పవర్ మైనస్ మూడు చిన్నదని వాళ్ళకు తెలిసింది. ఇప్పుడు దాన్ని పెద్ద ఘాతంతో గుణించమనండి. ఒక మనిషి రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగుతాడు. ఏడాదికి 365 రోజులు. ముప్పై ఏళ్ళు. దాదాపు 33 వేల లీటర్లు, 3.3 ఇంటూ పది పవర్ నాలుగు. లీటరుకు నాలుగు ఇంటూ పది పవర్ మైనస్ మూడు గ్రాములు. సంఖ్యలు 13.2, ఘాతాంకాలు నాలుగు, మైనస్ మూడు, కలిపితే ఒకటి. 132 గ్రాములు. ఇందులో కొంత మూత్రంలో పోతుంది. ఒంట్లో మిగిలింది దాదాపు అంతా ఎముకల్లో, పళ్ళలో చేరుతుంది. చిన్నతనంలో పళ్ళకు పట్టే మరక, పెద్దయ్యాక మోకాళ్ళు, నడుము బిగుసుకుపోవడం, అన్నీ ఈ గుణకారం తెచ్చినవే. చిన్న సంఖ్య ఎన్నిసార్లు వచ్చి పడుతోందన్నది చూడకుండా దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదని పిల్లలకు ఇంతకంటే బాగా నేర్పే లెక్క నాకు తెలియదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో పళ్ళకు మరకలున్న పిల్లలు ఉంటారు. లెక్క చెప్పేటప్పుడు మీ చూపు వాళ్ళ మీద ఆగకూడదు. ఉదాహరణగా ఏ పిల్లనూ లేపి నిలబెట్టకూడదు. నీళ్ళ గురించి మాట్లాడండి, నోళ్ళ గురించి వద్దు.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి వెలిగొండ కూడా లెక్కల్లోకి వస్తుంది. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు కింద శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా వరద నీటిని నల్లమల కొండల అడుగున సుమారు 18.8 కిలోమీటర్ల సొరంగాల గుండా 43.5 టీఎంసీల మేర ఇటు తేవాలన్నది ప్రణాళిక. టీఎంసీ అన్న మాట ఇక్కడ ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. అది ఎంతో పిల్లల చేత లెక్క కట్టించండి. ఒక టీఎంసీ అంటే పది పవర్ తొమ్మిది ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు 2.83 ఇంటూ పది పవర్ మైనస్ రెండు ఘనపు మీటర్లు. తొమ్మిది, మైనస్ రెండు, కలిపితే ఏడు. 2.83 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని 43.5తో గుణిస్తే సుమారు 123 కోట్లు. వార్తల్లో టీఎంసీ అన్న మాట విన్నప్పుడు ఆ పిల్లలు ఇక ఊరికే తల ఊపరు.

ఇన్ని కొలతలు చేతికి వచ్చాకే ఎక్స్, వై దగ్గరికి వెళ్ళాలి. మూడు ఎక్స్ పవర్ నాలుగు ఇంటూ ఐదు ఎక్స్ పవర్ మైనస్ ఏడు. ముందున్న మూడు, ఐదు గుణకాలు. వాటిని గుణించాలి, పదిహేను. నెత్తినున్న నాలుగు, మైనస్ ఏడు ఘాతాంకాలు. వాటిని కూడాలి, మైనస్ మూడు. జవాబు పదిహేను ఎక్స్ పవర్ మైనస్ మూడు. తడబడే పిల్లలు ఈ రెండు పనులనూ తారుమారు చేసి మూడును, ఐదును కూడి ఎనిమిది అంటారు, లేదా నాలుగును, ఏడును గుణించి మైనస్ ఇరవై ఎనిమిది అంటారు. జవాబును భిన్నంగా రాయమన్నప్పుడు పదిహేనును కూడా కిందికి దించేస్తారు. మైనస్ మూడు ఎక్స్ నెత్తిన ఉంది. దిగేది ఎక్స్ ఒక్కటే. పదిహేను బై ఎక్స్ పవర్ మూడు. ఎక్స్ సున్నా కాకూడదని కూడా అప్పుడే చెప్పాలి, సున్నాతో భాగించలేం కాబట్టి.

సరిచూసుకునే దారి పిల్లల చేతిలోనే ఉంది. ఎక్స్ స్థానంలో రెండు పెట్టమనండి. మూడు ఇంటూ పదహారు, నలభై ఎనిమిది. ఐదు బై నూట ఇరవై ఎనిమిది. గుణించి కొట్టివేతలు చేస్తే పదిహేను బై ఎనిమిది. మన జవాబులోనూ రెండు పెడితే పదిహేను బై ఎనిమిదే. సరిపోయింది. ఈ అలవాటు ఉన్న పిల్లలకు జవాబు తప్పో ఒప్పో చెప్పడానికి మాస్టారు అక్కర్లేదు. ఎన్.ఎం.ఎం.ఎస్. స్కాలర్‌షిప్పు పరీక్షలో నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమన్నప్పుడు కూడా ఇదే ఆదుకుంటుంది.

మరో రెండు చోట్ల జాగ్రత్త పడాలి. ఘాతాంకం కనిపించకపోతే అక్కడ ఒకటి ఉన్నట్టు. వై అంటే వై పవర్ ఒకటి. రెండోది, భూములు వేరైతే ఘాతాంకాలు కూడకూడదు. రెండు పవర్ మూడు ఇంటూ ఐదు పవర్ మైనస్ రెండును ఏ సూత్రమూ కలపదు. ఎనిమిది బై ఇరవై ఐదు అని విలువ కట్టుకోవడమే.

చివరికి భూమికీ ఘాతాంకానికీ రెండింటికీ మైనస్ ఉన్న లెక్క ఇవ్వండి. బ్రాకెట్‌లో మైనస్ రెండు, దాని నెత్తిన మైనస్ మూడు. నెత్తిన ఉన్న మైనస్ ఎనిమిదిని ఎనిమిదో వంతు చేస్తుంది. భూమికి ఉన్న మైనస్ మూడుసార్లు గుణించుకొని సున్నాకు ఎడమవైపు పడుతుంది. మైనస్ ఎనిమిదో వంతు. రెండు మైనస్‌లు చేసే రెండు పనులను ఒకే లెక్కలో విడదీసి చెప్పగలిగితే ఆ పిల్లకు పాఠం వచ్చినట్టే. సూత్రం అప్పజెప్పించుకోవడం కంటే ఈ ఒక్క లెక్క వివరించమనడం మేలని నా నమ్మకం.

తరగతిలో పలకలు వాడండి. లెక్క చెప్పగానే అందరూ రాసి ఒకేసారి పైకెత్తాలి. చెయ్యెత్తే నలుగురినే అడిగితే మిగతా ముప్పై మంది మనసులో ఏముందో మనకు తెలియదు. పలకలెత్తితే మైనస్ పదిహేను ఎంతమంది రాశారో ఒక్క చూపుకు కనిపిస్తుంది. ఇంకొకటి. ఇప్పుడు మన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటున్నాయి. పిల్లలు ఇంగ్లీషు పేజీ చూసి రాస్తున్నా, తెలుగు పేజీ చదివించి, విలువ ఎంతో తెలుగులో నోటితో చెప్పించండి. వెయ్యో వంతు, పది లక్షలలో ఒక వంతు అని ఇంటి మాటలో చెప్పగలిగినప్పుడు సంఖ్య పిల్లల సొంతమవుతుంది.

ఈ పాఠం ఎనిమిదితో అయిపోదు. పదో తరగతి రసాయన శాస్త్రంలో పీహెచ్ వస్తుంది. మామూలు ఉష్ణోగ్రత దగ్గర స్వచ్ఛమైన నీటిలో హైడ్రోజన్ అయాన్ల గాఢత పది పవర్ మైనస్ ఏడు, హైడ్రాక్సైడ్ అయాన్లదీ అంతే, రెండింటి లబ్ధం పది పవర్ మైనస్ పధ్నాలుగు. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అనుకునే పిల్లలు అక్కడ మళ్ళీ పడిపోతారు. ఇప్పుడు మీరు వింటున్న రేడియోలోనూ ఇదే గుణకారం ఉంది. సెకనుకు పది కోట్ల కంపనాలుండే ఎఫ్.ఎం. తరంగానికి ఒక కంపనం పట్టే సమయం పది పవర్ మైనస్ ఎనిమిది సెకన్లు. రేడియో తరంగం సెకనుకు మూడు ఇంటూ పది పవర్ ఎనిమిది మీటర్లు పోతుంది. గుణిస్తే మూడు మీటర్లు. తరంగం పొడవు అదే. మీడియం వేవ్‌లో సెకనుకు పది లక్షల కంపనాలైతే, ఒక్కో కంపనానికి పది పవర్ మైనస్ ఆరు సెకన్లు. ఎనిమిది, మైనస్ ఆరు, మొత్తం రెండు. పొడవు 300 మీటర్లు.

ఈ మాటలు వింటున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ ఊళ్ళో తాగునీటిని పరీక్ష చేయించిన వివరాలు పంచాయతీలో గాని, గ్రామీణ నీటి సరఫరా విభాగంలో గాని అడగండి. అందులో ఫ్లోరైడ్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములని ఉందో ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయికో అబ్బాయికో చూపించండి. మీ ఇంట్లో ఏడాదికి తాగే నీళ్ళ లెక్క కట్టించి, దానితో గుణించమనండి. జవాబు పలక మీద రాశాక, ఆ సంఖ్య పెద్దదా, చిన్నదా అని అడగండి. మీకు ఘాతాంకాలు రాకపోయినా పరవాలేదు, ఆ ప్రశ్న అడిగితే చాలు. ఉపాధ్యాయులారా, ఆ పిల్లలు ఆ పలక బడికి తెస్తే, ఆ రోజు పాఠం దానితోనే మొదలుపెట్టండి.